శ్రీశైలం మట్టం అందరికీ తెలుసు, మన చెరువు మట్టం ఎవరికి తెలుసు?



జులై, ఆగస్టు వచ్చాయంటే మన ఫోన్ల నిండా అంకెలే. శ్రీశైలం 880 అడుగులు దాటింది, సాగర్ 585కి వచ్చింది, పులిచింతల నిండింది, ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తారు. గేట్ల దగ్గర నిలబడి ఫొటో దిగి పెట్టనివాళ్లు మన గ్రూపులో తక్కువే. తప్పేం లేదు, చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఏప్రిల్ వచ్చేసరికి ఆ అంకెలు పెట్టేవాళ్లే కనపడరు. అసలు మనకి వాటితో పని పడేది అప్పుడు కదా?

విజయవాడలో హాస్టళ్లలో, రూముల్లో ఉండి చదువుకుంటున్న యానాది, ఎరుకల, సుగాలి, కోయ పిల్లలం కొందరం కూర్చుని ఈ విషయం మాట్లాడుకున్నాం. మా మాట ఇది: కృష్ణ మీద ప్రతి డ్యామ్ దగ్గరా నీళ్లు కొలుస్తున్నారు, ఆ లెక్క అందరికీ చెప్తున్నారు. ఆ నీళ్లు చివరికి చేరాల్సిన మన కాలనీ మంచినీళ్ల చెరువు దగ్గర, మన తండా ట్యాంకు దగ్గర మాత్రం కొలిచేవాడు లేడు. అక్కడ అంకె లేనంతకాలం మన కష్టానికి లెక్కలో చోటు ఉండదు. ఆ అంకె పుట్టించే పని మనమే మొదలుపెట్టాలి.

ముందు పైనున్న అంకెల్ని సరిగ్గా చదవడం నేర్చుకుందాం. మనలో బీటెక్ చేసేవాళ్లు కూడా అడుగుకీ, టీఎంసీకీ, క్యూసెక్కుకీ తేడా చెప్పలేకపోయారు, నవ్వుకున్నాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు పారడం, అంటే దాదాపు 28 లీటర్లు. రోజంతా సుమారు 11,500 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఏ వార్త చదివినా సగం అర్థమైపోతుంది.

అడుగుల దగ్గరే అసలు తిరకాసు. డ్యామ్ అంటే గోడలు నిటారుగా ఉన్న తొట్టి కాదు, పైన వెడల్పు, కింద ఇరుకు. శ్రీశైలం పూర్తిస్థాయి మట్టం 885 అడుగులు, నిల్వ 215.81 టీఎంసీలు. 854 అడుగులకు దిగేసరికి మిగిలేది సుమారు 90. అంటే పైన ఒక్కో అడుగులో నాలుగు టీఎంసీల పైచిలుకు ఉంటే, కిందికి పోయేకొద్దీ అడుగుకి రెండు కూడా ఉండవు. "ఇంకా 840 అడుగులుంది కదా, పర్లేదు" అన్నవాడికి ఈ సంగతి తెలీదన్నమాట. సాగర్‌ది ఇంకో రకం మాయ. 590 అడుగులకు 312 టీఎంసీలు. కనీస మట్టం 510 అడుగులు. ఆ 510 దగ్గర కూడా కాగితం మీద 131 టీఎంసీలు కనపడతాయి. అంత పెద్ద అంకె చూసి ధైర్యపడితే మోసపోయినట్టే. మామూలు రోజుల్లో కాల్వలకు తీయడానికి లెక్కలోకి రాని నీళ్లు అవి. మరీ కరువొస్తే తాగునీటి పేరు చెప్పి, రెండు రాష్ట్రాలూ ఒప్పుకుంటేనే కిందికి చెయ్యి పెడతారు.

పూడిక సంగతి ఎవరూ పట్టించుకోరు. శ్రీశైలం కట్టినప్పుడు చెప్పిన నిల్వ 308 టీఎంసీలు, ఇప్పుడు 215. సాగర్‌కి అప్పట్లో 408, ఇప్పుడు 312. రెండూ కలిపి పోయింది 188 టీఎంసీలు. పులిచింతల మొత్తం నిల్వ 45.77. అంటే నాలుగు పులిచింతలలంత చోటు మట్టి మింగేసింది. గేటు దగ్గర అదే అడుగు, అదే రంగు నీళ్లు, లోపల మాత్రం తక్కువ.

ఇక మన బ్యారేజీ. 1850ల్లో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోయాక, దాని స్థానంలో 1957కి ఇప్పటి బ్యారేజీ తయారైంది. 12 అడుగులు నిలబెడితే నిండినట్టు, మొత్తం నిల్వ 3.07 టీఎంసీలే. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకి కేటాయించింది 181.2 టీఎంసీలు. అంటే బ్యారేజీ నీళ్లు దాచుకునే చోటు కాదు, పంచే చోటు. పైనుంచి వస్తే ఇస్తుంది, రాకపోతే చేతులెత్తేస్తుంది. అందుకే 2015 నుంచి పట్టిసీమ పంపులతో గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నారు. ఆ నీళ్లు వచ్చేది పోలవరం కుడి కాల్వ మీదుగా. ఆ ప్రాజెక్టు పేరు చెప్తే కోయ, కొండరెడ్డి పిల్లలకి ముందు గుర్తొచ్చే అంకెలు టీఎంసీలు కావు. 41.15, 45.72. మొదటి దశ కాంటూరు, పూర్తి మట్టం, రెండూ మీటర్లలో. నీళ్లు ఏ గీత దాకా నిలబెడతారన్నదాన్ని బట్టి ఎవరి ఊరు ఉంటుంది, ఎవరి ఊరు పోతుంది అని తేలుతుంది. చింతూరు, కూనవరం వైపు మన తమ్ముళ్లు వానాకాలంలో నిద్ర లేవగానే భద్రాచలం గోదావరి మట్టం చూస్తారు. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. కాబట్టి నీటిమట్టం చూడడం మన వాళ్లకి రానిది కాదు. వరదకి భయపడి చూడడం అలవాటైంది. దాహానికి చూడడం ఇంకా అలవాటు కాలేదు, అంతే.

బ్యారేజీ దాటాక ఏమవుతుందో చూడండి. ఏలూరు కాల్వ, రైవస్, బందరు కాల్వ, కేఈబీ, అటు పడమర కొమ్మమూరు. హెడ్ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజూ రాస్తారు. లాకుల దగ్గర గేజీ ఉంటుంది, లస్కర్ చూసి చెప్తాడు. లస్కర్లు ఉన్నచోట, అదీ. చాలాచోట్ల ఖాళీలే. పెద్ద కాల్వ దాటి పిల్ల కాల్వలోకి, అక్కడినుంచి తూములోకి, తూము నుంచి ఊరి మంచినీళ్ల చెరువులోకి వచ్చేసరికి అంకె మాయం. ఎండాకాలం కాల్వలు కట్టేస్తారు. మధ్యలో కొన్ని రోజులు తాగునీటికని వదిలి "చెరువులు నింపుకోండి" అంటారు. హెడ్‌కి దగ్గరున్న ఊళ్లు ముందు నింపుకుంటాయి. శివారుకి నీళ్లు చేరేసరికి గడువైపోతుంది. ఇన్ని టీఎంసీలు తాగునీటికి ఇచ్చాం అని పైన రాసుకుంటారు. అది అబద్ధం కాదు. ఇచ్చారు. అందిందా లేదా అన్న కాలమ్ ఆ రిజిస్టర్‌లో లేదు.

ఆ శివారున ఎవరుంటారో మనకి వేరే చెప్పాలా? నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు కాల్వ కట్టల మీద, డ్రైన్ల పక్కన యానాది కాలనీలు. భూగర్భంలో ఉప్పునీళ్లు, బోరు వేసి లాభం లేదు. కాల్వ వస్తేనే చెరువు, చెరువుంటేనే బిందె. పక్కన రొయ్యల చెరువులు. వాటికీ నీళ్లు కావాలి, రాత్రిపూట ఏ మోటారు ఎక్కడ తిరుగుతుందో అడిగే ధైర్యం చెరువుగట్టున గుడిసె వేసుకున్నవాడికి ఉండదు.

ఇటు మెట్టకి రండి. విజయవాడ నుంచి తిరువూరు పోయే దారిలో ఎ.కొండూరు మండలం. డెల్టాకి అంత దగ్గర్లో ఉండి కూడా కరువు సీమే. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి మీ అందరికీ తెలుసు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని పరీక్షల్లో తేలింది. జబ్బుకి అదొక్కటే కారణమా, ఇంకేమైనా ఉందా అన్నదాని మీద పరిశోధకులు ఇంకా ఒక్క మాటకి రాలేదు. కానీ ఆ బోరు నీళ్లు తాగొద్దని అందరూ చెప్తున్నారు. కృష్ణా నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం పెట్టారు, మంచిదే. అయితే ఒక సంగతి గమనించాలి. పైపు వచ్చిన రోజు నుంచి ఆ తండా బతుకు నది మట్టానికి ముడిపడిపోతుంది. నదిలో నీళ్లు తగ్గితే తండా కుళాయి ఎన్ని రోజులు ఆగుతుంది? ఆగితే మళ్లీ ఆ బోరే దిక్కు. మిగతా ఊళ్లకి కుళాయి ఆగితే ఇబ్బంది. ఆ తండాలకి కుళాయి ఆగితే మళ్లీ ఆ జబ్బు నీళ్లే. అలాంటి చోట ట్యాంకులో ఎన్ని రోజుల నీళ్లున్నాయో బయట బోర్డు మీద రాసి ఉండాలా వద్దా?

మేం ఇది ఎత్తితే మన వాళ్లే రెండు మాటలన్నారు. ఒకటి, "డ్యాముల గొడవ రైతులది, మనకి భూములెక్కడున్నాయి? స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టల్ మెస్ బిల్లుల గురించి మాట్లాడండి" అని. భూమి లేనివాడికే ఈ అంకెతో ఎక్కువ పని అని మా లెక్క. కాల్వకి నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, అంటే అమ్మకి కూలి రోజులు పోయినట్టే. కాల్వలు, డ్రైన్లు ఎండితే చేపా లేదు, పీతా లేదు. పొలం ఉన్నవాడికి ఇంకో పంట ఉంటుంది, ఇంటి ముందు సొంత బోరుంటుంది, డబ్బులుంటే ట్యాంకరుంటుంది. మనకి ఊరుమ్మడి చెరువొక్కటే.

రెండో మాట కొంచెం బలమైనది. "అంకె రాస్తే నీళ్లొస్తాయా?" రావు. నిజమే. మేం కూడా దీనికి తేలిగ్గా జవాబు చెప్పలేం. కానీ నీళ్లెవరికి ఇవ్వాలో తేల్చేచోట మాట్లాడే భాష ఏదో చూడండి. 2014 విభజన చట్టంతో కృష్ణా బోర్డు వచ్చింది. ఏ డ్యామ్ నుంచి ఎవరికి ఎంత అన్నది బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఈఎన్‌సీలు ఉన్న త్రిసభ్య కమిటీ కూర్చుని తేలుస్తుంది. వాళ్ల ముందుండేవి అడుగులు, టీఎంసీలు మాత్రమే. 2023లో కృష్ణకి సరిగ్గా వరద రాలేదు. ఆ ఏడాది నవంబరు చివర సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు నిలబడ్డారు, 26 గేట్లలో 13 గేట్ల దాకా ఆంధ్ర పోలీసులు స్వాధీనం చేసుకున్నారు, కుడి కాల్వకి తాగునీళ్లు వదిలారు, చివరికి సీఆర్‌పీఎఫ్ దిగింది. రాష్ట్రాలే అంకెల కోసం అలా కొట్టుకుంటుంటే, ఏ అంకే లేకుండా "సార్ మాకు నీళ్లు రావట్లేదు సార్" అని అర్జీ పట్టుకెళ్లే మనల్ని ఎవరు కూర్చోబెట్టి వింటారు?

చెన్నై చూడండి. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటాయి, జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్లు తెచ్చారు. తెలుగు గంగలో మన కృష్ణా నీళ్లు పోయి చేరేది పూండికే. అక్కడ ఆ చెరువుల మట్టం రోజూ పెడతారు, మామూలు జనం కూడా చూస్తారు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ 2018లో డ్యామ్ మట్టాలు జనానికి చూపించి, ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకి 50 లీటర్లే అని గీత గీసింది. కుళాయిలు పూర్తిగా కట్టేసే రోజు రాకుండా తప్పించుకుంది. అక్కడ కూడా వీధి కుళాయిల దగ్గర వరస కట్టే మురికివాడల జనం అంతకుముందు నుంచే ఆ 50 లీటర్ల కంటే తక్కువతోనే బతుకుతున్నారన్నది వేరే కథ.

అంతదూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే జరిగింది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే బోర్లలో నీళ్లు ఎంత లోతున్నాయో కొలిచారు, వాన కొలిచారు, గోడల మీద రాశారు. రైతుల భూగర్భజల ప్రాజెక్టు అది, ఎఫ్‌ఏఓ సాయం చేసింది. చదువు పెద్దగా లేని ఆడవాళ్లు, మగవాళ్లు టేపు దించి కొలిచి, ఈ ఏడు ఇన్ని నీళ్లున్నాయి, ఏ పంట వేద్దాం అని ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. వాళ్లు చేయగలిగింది డిగ్రీలు చదివే మనం చేయలేమా?

చేసే పద్ధతి పెద్ద కష్టం కాదు. ఎకరం విస్తీర్ణం ఉన్న చెరువులో ఒక అడుగు నీళ్లంటే దాదాపు 12 లక్షల 30 వేల లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు. 500 మంది ఉన్న కాలనీకి రోజుకి 27,500 లీటర్లు. అంటే అడుగు నీళ్లు 45 రోజులొస్తాయి. ఇంకో లెక్క చెప్తే ఆశ్చర్యపోతారు. ఆ 500 మందికి రోజంతా కావాల్సిన నీళ్లు ఒక్క క్యూసెక్కు పారకంలో 16 నిమిషాల్లో వచ్చేస్తాయి. బ్యారేజీ నుంచి వేల క్యూసెక్కులు వదిలే కాల్వలో మన వాటా 16 నిమిషాలు!

అయితే చెరువు నీళ్లు మనమొక్కళ్లమే తాగం, ఎండా తాగుతుంది. మండు వేసవిలో రోజుకి అర సెంటీమీటరు నుంచి ముప్పావు సెంటీమీటరు దాకా ఆవిరైపోతాయి. అంటే నలభై నుంచి అరవై రోజుల్లో ఎండ ఒక అడుగు పట్టుకుపోతుంది. మన వాడకం ఒక అడుగు, ఎండ ఒక అడుగు, కాస్త ఇంకుడు. నెలన్నరకి రెండడుగులు, పోనీ రెండున్నర తగ్గితే న్యాయమైన లెక్క. అదే నెలన్నరలో నాలుగడుగులు తగ్గిందనుకోండి, మిగతా నీళ్లు ఎవరివైపు పోయాయని అడగొచ్చు. తూము కారుతోందా? గట్టుకి గండి పడిందా? ఎవరైనా మోటారు పెట్టారా? ఇప్పటిదాకా ఇది అనుమానం, గుసగుస. కొలిచి రాసిన కాగితముంటే అది ప్రశ్న. ప్రశ్నకి పంచాయతీ కార్యదర్శి అయినా, ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ అయినా ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి.

మనది మైదాన ప్రాంతం. ఇక్కడ అయిదో షెడ్యూలు లేదు, పెసా గ్రామసభ లేదు, ఏజెన్సీలో లాగా దగ్గర్లో ఐటీడీఏ లేదు. చేతిలో ఉన్నది సమాచార హక్కు చట్టం. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. కాగితాలు అడగడమే కాదు, పనుల్ని చూసే హక్కు, నమూనాలు తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నాయి. మన చెరువుకి పోయిన వేసవిలో కాల్వ నీళ్లు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వచ్చాయి, మట్టం ఎంత నుంచి ఎంతకి పెరిగింది అని అడగండి. చాలాచోట్ల రికార్డు లేదనే జవాబు వస్తుందని మా అంచనా. ఆ జవాబు కూడా దాచిపెట్టుకోండి. "ఎస్టీ కాలనీకి నీళ్లిచ్చే ప్రతి చెరువు దగ్గరా గేజీ, బోర్డు పెట్టాలి. కాల్వ కట్టేసే ముందు శివారు చెరువు మట్టం చూశాకే కట్టాలి" అని కలెక్టర్ గారికి మనం ఇవ్వబోయే అర్జీకి అదే మొదటి జతపత్రం.

2024 సెప్టెంబరు మొదట్లో వరద వచ్చినప్పుడు మనలో చాలామంది విజయవాడలోనే ఉన్నాం. బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, ఎప్పుడూ లేనంత. ఆ అంకె గంటగంటకీ ఫోన్లో వచ్చింది, రాష్ట్రమంతా అదే చూసింది. నగరాన్ని ముంచింది మాత్రం వెనకవైపు నుంచి వచ్చిన బుడమేరు. సింగ్‌నగర్ జనం చాలామందికి నీళ్లు వాకిట్లోకి వచ్చాకే తెలిసింది. పెద్ద నది అంకె ఇంటింటికీ చేరింది, చిన్న వాగు అంకె చేరాల్సిన ఇంటికి చేరలేదు. వేసవిలో మన చెరువుల సంగతీ ఇంతే, కాకపోతే మునగడం టీవీలో కనపడుతుంది, ఎండడం కనపడదు.

సంక్రాంతికి అందరం ఇళ్లకి వెళ్తాం కదా. అప్పుడే పని మొదలుపెడదాం. చెరువులో కర్ర పాతొద్దు, పిల్లలు నాలుగు రోజుల్లో పీకేస్తారు. మెట్లున్న రేవు గోడ మీదో, తూము కట్టడం మీదో పై నుంచి కిందికి అడుగడుక్కీ గీత, మధ్యలో అంగుళాలు, ఎర్ర రంగుతో వెయ్యండి. టేపు మేస్త్రిని అడిగితే ఇస్తాడు. నీళ్లలోకి దిగాల్సిన పని లేదు, మట్టం తగ్గేకొద్దీ కింది గీతలు తర్వాత వేసుకోవచ్చు. పంచాయతీలో ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే రంగు వేసినందుకే గొడవవుతుంది. ప్రతి నెలా 1న, 15న పొద్దున్నే చూసి తేదీ, అంకె ఒక నోటుబుక్కులో రాయాలి. మీరు కాలేజీకి వచ్చేశాక రాయడానికి ఊళ్లో ఉండే ఒక చెల్లెలికో, తమ్ముడికో అప్పజెప్పండి, ఎనిమిదో తరగతి చదివే పిల్లలైతే చాలు. తండాల్లో ట్యాంకు పైపుల మీద ఆధారపడ్డవాళ్లు మట్టం బదులు కుళాయి వచ్చిన రోజులు, వచ్చిన నిమిషాలు రాయండి. ఫిబ్రవరి 1 నాటి అంకె ఫొటో తీసి పంపితే ఊరి పేరుతో పట్టిక మేం తయారుచేస్తాం. ఇప్పటిదాకా ఒప్పుకున్న ఊళ్లు తొమ్మిది, అందులో శివారువి నాలుగే. కోడూరు, నాగాయలంక వైపు వాళ్లు ఇంకా ఎవరూ పేరివ్వలేదు.